కొండపిండి రాయికి మందు, దెబ్బతిన్న కిడ్నీకి కాదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ వారపు సంతకు వెళ్లినా మూలికలు పరిచిన గోనెపట్టా మీద ఎండు కొండపిండి కట్ట ఉంటుంది. ‘కిడ్నీకి మంచిది’ అన్న ఒక్క మాటతో అది చేతులు మారుతుంది. కొనేవాళ్లలో ఒకరికి మూత్రనాళంలో 4 మిల్లీమీటర్ల రాయి ఉంటుంది. ఇంకొకరికి రాయి అన్నదే లేదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ మాత్రం 3 దాటి ఉంటుంది. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, అది రక్తంలో పెరిగిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టు. మొదటివారికి ఆ కట్ట పనికొస్తుంది. రెండోవారికి అదే కట్ట ప్రాణం మీదికి తేవచ్చు. ఇద్దరి జబ్బునీ మన ఊళ్లలో ‘కిడ్నీ’ అనే పిలుస్తున్నాం కాబట్టి ఈ తేడా ఎవరికీ పట్టడం లేదు. ఈ మొక్కను ఎరిగినవాళ్లం, వాడించేవాళ్లం కనుక ఇది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెరుపు చేస్తుందో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని రాస్తున్నాం. ఉత్తరం పొడవైంది. మోతాదుల దగ్గర ఒక్క వాక్యం ఎగిరిపోయినా అర్థం తారుమారవుతుంది, కాబట్టి ఆ భాగాలు మాత్రం కత్తిరించవద్దని మనవి.

ముందు మొక్కను గుర్తుపట్టాలి. కొండపిండి, పిండికూర అని పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం ఏర్వా లనాటా. తోటకూర కుటుంబానికి చెందినది. ఈ కుటుంబం సంగతి గుర్తుంచుకోండి, దానితో కింద పని పడుతుంది. ఇసుక నేలల్లో, జీడితోటల గట్ల మీద, కొబ్బరితోటల ఖాళీ జాగాల్లో, పాత గోడల వార తనంతట తానే మొలుస్తుంది. అడుగు నుంచి రెండడుగులు పెరుగుతుంది. మొదట్లోనే కొమ్మలుగా చీలి కొన్ని నిటారుగా లేస్తాయి, కొన్ని నేల మీదికి వాలతాయి. కాండం మీదా, ఆకు అడుగునా తెల్లటి నూగు ఉంటుంది. ఆకు అంగుళానికి మించదు, కోలగా గానీ ఇంచుమించు గుండ్రంగా గానీ ఉంటుంది. ఆకుకూ కొమ్మకూ మధ్య సందులో పిండిముద్ద అంటించినట్టు చిన్న చిన్న తెల్లటి పూగుత్తులు పుడతాయి. మొదటి నుంచి చివరి దాకా ఆకు ఆకుకీ ఈ ముద్దలు ఉండడమే దీని అసలు గుర్తు. వేరు తెల్లగా ఉంటుంది. గోటితో గీరి వాసన చూస్తే కర్పూరం ఛాయ తగులుతుంది.

తెల్ల పువ్వు కనిపించిన ప్రతి కలుపూ కొండపిండి కాదు. పీకే ముందు రెండు విషయాలు చూస్తే పొరపాటు జరగదు. కొండపిండి ఆకులు కొమ్మకు ఒకటి ఇటు, ఒకటి అటుగా మెట్లు మెట్లుగా వస్తాయి. ఉత్తరేణికీ, పొన్నగంటికీ ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. కాబట్టి జంట ఆకులుంటే అది కొండపిండి కాదు. ఇక పువ్వు ఆకు సందులో ఉండాలి. గునుగుకు ఆకులు మెట్లుగానే వస్తాయి గానీ పువ్వు కొమ్మ చివర కంకిలా నిలబడుతుంది. బాటల పక్కన తెల్ల బొత్తాంలాంటి పువ్వుతో పాకే కలుపు ఒకటుంది, దానికి పువ్వూ కొమ్మ చివరే, ఆకులూ జంటలే. కొండపిండి జాతిలోనే ఇంకో పెద్ద మొక్క ఉంది. అది మూడడుగుల దాకా లేచి, ఒళ్లంతా బూడిద రంగులో ఉండి, కొమ్మల చివర పొడవాటి ఉన్ని కంకులు వేస్తుంది. కట్ట కట్టేవాళ్లు బరువు కోసం దాన్ని కలిపితే ఎండాక తేడా పట్టడం కష్టం. అందుకే కట్ట కొనేటప్పుడు నాలుగు కొమ్మలు విప్పి, చివర కంకులున్నాయా, ఆకు సందుల్లో ముద్దలున్నాయా చూడాలి. పొడి కొట్టి అమ్మేది మాత్రం ఎవరు అమ్మినా కొనవద్దని మా సలహా. పొడిలో ఏముందో కంటికి తెలియదు.

పేరుతోనూ ఒక చిక్కుంది. సంస్కృతంలో పాషాణభేది అంటే రాయిని పగలగొట్టేది. దక్షిణాదిన ఆ పేరు కొండపిండికి చెల్లుతుంది. ఉత్తరాదిన అదే పేరుతో హిమాలయాల్లో రాళ్ల మధ్య పెరిగే బెర్జీనియా అనే మొక్క దుంప అమ్ముతారు. కొన్నిచోట్ల రణపాలను కూడా అదే పేరుతో పిలుస్తారు. పచారీ కొట్టులో పాషాణభేది అని అడిగితే ఎర్రటి గట్టి దుంప ముక్కలు చేతికొచ్చాయంటే అది బెర్జీనియా. అది విషం కాదు గానీ దాని మోతాదు వేరు, ఇక్కడ రాసిన కొలతలు దానికి వర్తించవు.

చెప్పకుండా ఉండలేని ప్రమాదం ఇంకొకటి ఉంది. మన నాటువైద్యంలో పురుగులకూ, తేలుకాటు పాముకాట్లకూ వాడే గాడిదగడపాకు, ఈశ్వరి అనే రెండు మొక్కలున్నాయి. రెండూ అరిస్టోలోకియా జాతివి. వీటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని కోలుకోలేనంతగా పాడు చేస్తుంది, మూత్రమార్గంలో క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు ఈ జాతి మొక్క పొరపాటున కలిసి, వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. బాల్కన్ దేశాల్లో కొన్ని పల్లెలను తరాల తరబడి పీడించిన కిడ్నీ జబ్బుకు గోధుమ చేలల్లో పెరిగే ఇదే జాతి కలుపు గింజలు పిండిలో కలవడమే కారణమని తేల్చారు. గాడిదగడపాకు నేల మీద పాకుతుంది. దాని ఆకు కూడా ఇంచుమించు కిడ్నీ ఆకారంలోనే ఉంటుంది, పువ్వు ముదురు ఊదా రంగు గొట్టంలా ఉంటుంది, నలిపితే వెగటు వాసన. ఈశ్వరి చెట్టుకు అల్లుకునే తీగ, కాయ ఎండితే విచ్చుకుని తలకిందులు గొడుగులా వేలాడుతుంది. ‘పదకొండు మూలికలు కలిపిన కిడ్నీ పొడి’ అని ఎవరైనా ఇస్తే, ఆ పదకొండూ ఏవో విడివిడిగా చూపించమని అడగండి. చూపించకపోతే తీసుకోవద్దు.

ఇక సేకరణ. వర్షాలు వెనకపట్టాక కార్తీకం నుంచి పుష్యం దాకా మొక్క నిండుగా పూస్తుంది, అప్పుడు వేరుతో సహా పీకాలి. పురుగుమందు కొట్టే తోటల్లోనూ, కలుపుమందు చల్లిన గట్ల మీదా, రోడ్డు వారా పీకకూడదు. నూగున్న మొక్కకు దుమ్మూ, మందూ ఎక్కువగా పట్టుకుంటాయి. మన ఇసుక నేలల్లో పెరిగిన మొక్కకు నూగులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది, ఒక్కసారి జాడిస్తే పోదు. వేరు విడిగా తోమి, మొక్కను మూడు నీళ్లలో ముంచి తీసి, నీడలో పలచగా పరిచి రోజూ తిరగేస్తూ ఐదు నుంచి ఏడు రోజులు ఆరబెట్టాలి. కొమ్మ వంచితే ‘టప్’మని విరగాలి, సాగితే ఇంకా తేమ ఉన్నట్టే. పచ్చివి ఐదు కిలోలు ఎండితే సుమారు కిలో అవుతుంది. దాన్ని అర అంగుళం ముక్కలుగా తరిగి గుడ్డసంచిలో గానీ కాగితం సంచిలో గానీ ఉంచాలి. ప్లాస్టిక్ కవరులో కడితే సముద్రతీరపు గాలిలోని తేమకు లోపల బూజు పడుతుంది. బూజు వాసన వచ్చినదాన్ని మళ్లీ ఎండబెట్టి వాడవద్దు, పారేయాలి. ఏడాది దాటినదీ అంతే.

కషాయం పెట్టే పద్ధతి ఇది. పెద్దవాళ్లకు రోజుకు ఎండు ముక్కలు 20 గ్రాములు. గుప్పెళ్లతో కొలవకండి. వేరు ముక్కలు ఎక్కువున్న గుప్పెడు బరువూ, ఆకు ఎక్కువున్న గుప్పెడు బరువూ ఒకటి కాదు. కిరాణా కొట్టు కాటాలో ఒకసారి తూయించి, ఏ గిన్నెకు ఎంత పడుతుందో గుర్తు పెట్టుకుంటే చాలు. పదహారు వంతుల నీళ్లు, అంటే 320 మిల్లీలీటర్లు పోసి గంటసేపు నానబెట్టాలి. తర్వాత సన్నటి మంట మీద, మూత పెట్టకుండా, పావు వంతు మిగిలే దాకా మరిగించాలి. అంటే 80 మిల్లీలీటర్లు. కంటి అంచనాకు ఇది ఎప్పుడూ తప్పుతుంది. ముందే ఖాళీ గిన్నెలో 80 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒక పుల్ల నిలువుగా ముంచి, తడిసిన చోట గాటు పెట్టుకోండి. మరుగుతున్నప్పుడు ఆ పుల్లతో కొలిస్తే సరిపోతుంది. మట్టికుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడాలి, అల్యూమినియంలో వద్దు. దించాక రెండు మడతల నూలుగుడ్డలో వడకట్టాలి. ఒక్క మడత అయితే నూగూ, సన్నటి ఇసుకా దిగి గొంతులో గరగర పుడుతుంది.

సగం పొద్దున, సగం సాయంత్రం తాగాలి. సాయంత్రం వాటాను మూతపెట్టి ఉంచి, తాగేముందు ఒక పొంగు రానివ్వాలి. మర్నాటికి దాచకూడదు. చాలామంది పరగడుపున తాగమంటారు. మేం మాత్రం భోజనంతో పాటు, మజ్జిగ పక్కన పెట్టుకుని తాగమంటాం. కారణం ఇంతకుముందు గుర్తుంచుకోమన్న కుటుంబంలోనే ఉంది. తోటకూర, పాలకూర, కొండపిండి ఒకే ఇంటివి. ఈ ఇంటి ఆకుల్లో ఆక్సలేటు, అంటే కాల్షియంతో కలిసి రాయి కట్టే పదార్థం, ఎక్కువ. మన ప్రాంతంలో కనిపించే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటు రాళ్లే. రాయిని పోగొట్టే మందులోనే రాయికి మేత ఉందన్నమాట. మజ్జిగలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టి మలంలో పంపేస్తుంది, రక్తంలోకి తక్కువ వెళ్తుంది. రాళ్లున్నవాళ్లు పాలూ పెరుగూ మానేయాలనే మాట అందుకే తప్పు. మానితే పేగులో ఆక్సలేటును పట్టేది లేక రాళ్లు పెరుగుతాయి. తగ్గించాల్సింది ఉప్పు. ఎండుచేపలూ, ఊరగాయలూ రోజూ తినే ఇళ్లలో ముందు అది చూసుకోవాలి.

పచ్చి ఆకు దంచి గ్లాసుడు రసం తాగమనే సలహా ఫోన్లలో బాగా తిరుగుతోంది. గ్లాసుడు రసానికి మూడొందల గ్రాముల పచ్చి ఆకు కావాలి. ఎండితే అది 60 గ్రాములు, అంటే మూడు రోజుల మోతాదు ఒక్క గుక్కలో, అదీ పరగడుపున. ఒకేసారి అంత ఆక్సలేటు కిడ్నీకి చేరితే గొట్టాల్లోనే స్ఫటికాలు కట్టి మూత్రం తగ్గిపోయే ప్రమాదం ఉంది. పాలకూర రసాలు లీటర్ల కొద్దీ తాగినవాళ్లలో ఇలా కిడ్నీలు దెబ్బతిన్న సంగతి వైద్యులకు తెలిసిందే. కొండపిండి పచ్చిరసం ఏ మోతాదులోనూ మేం ఇవ్వం. కూరగా తింటే వేరు. లేత ఆకు ఉడికించి, ఆ నీళ్లు వంచేసి, పెసరపప్పుతో వండుకుంటే వారానికి ఒకటి రెండుసార్లు ఇబ్బంది లేదు.

పల్లేరు కాయలు కలపడం పాత అలవాటు, మంచిదే. కచ్చాపచ్చాగా దంచిన కాయలు 5 గ్రాములు వేస్తే నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి 100కు దించాలి. రాయికి వాడే ఉలవలను ఇందులోనే వేసి మరిగించే బదులు ఉలవకట్టుగా విడిగా తీసుకోవడం మేలు. గింజ ఉడికే మంటా, ఆకు మరిగే మంటా ఒకటి కాదు. యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్లు వాచేవాళ్లు ఉలవల జోలికి పోకూడదు.

ఈ కషాయం ఏం చేస్తుంది? మూత్రాన్ని పెంచుతుంది, మంట తగ్గిస్తుంది, చిన్న రాయి కిందికి జారడానికి తోడ్పడవచ్చు. ఎలుకలకు ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం తాగించి కిడ్నీలో స్ఫటికాలు పుట్టించి, ఈ మొక్క ఇచ్చి చూసిన ప్రయోగాల్లో స్ఫటికాలు తగ్గాయి. ఎలుకకు పనిచేసిందంతా మనిషికి అంతే పనిచేస్తుందని అనుకోకూడదు. కాల్షియం రాయిని కరిగించే కషాయం ఏదీ లేదు. ఈ మాట మా వృత్తిలో ఉన్నవాళ్లకు నచ్చదని తెలుసు, అయినా చెప్పాలి. మందుతో బాగా కరిగేది ముఖ్యంగా యూరిక్ ఆమ్లపు రాయి, అదీ మూత్రంలో పులుపు తగ్గించే సిట్రేటు మందుతో. చీము పట్టి పెరిగే రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ కావాలి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం ఏ మందూ లేకపోయినా నీళ్లతో పడిపోతాయి. 5 నుంచి 10 మధ్యవాటిలో సగం దాకా పడొచ్చు. 10 దాటినది పడడం అరుదు. కాబట్టి 4 మిల్లీమీటర్ల రాయి మూడు వారాల్లో పడిపోతే ఆ ఘనత అంతా కషాయానిదే అనుకోకూడదు. 14 మిల్లీమీటర్ల రాయికి ‘మూడు నెలలు తాగు, కరుగుతుంది’ అని కషాయం పట్టించడం ఆ మనిషి కిడ్నీని పణంగా పెట్టడమే.

కషాయంతో పాటు నీళ్లు తాగకపోతే ఫలితం లేదు. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. కొబ్బరి దింపేవాళ్లూ, జీడితోటల్లో ఎండలో వంగి పనిచేసేవాళ్లూ చెమటకు పోయేదానికి అదనంగా తాగాలి. మూత్రం నీళ్ల రంగులో గానీ లేత నిమ్మపండు రంగులో గానీ ఉందంటే సరిపోయిందని గుర్తు. నిమ్మరసం నీళ్లలో పిండుకోవడం మంచిది, దానిలోని సిట్రేటు కాల్షియం రాయి పెరగకుండా చూస్తుంది. అందులో ఉప్పు మాత్రం వేయకండి. బీరు తాగితే రాయి పడుతుందనేది మాత్రం నమ్మకండి. మూత్రం ఎక్కువ వచ్చినట్టు కనిపించి, తర్వాత ఒళ్లు ఎండబెడుతుంది.

మూడు వారాలు దాటి కషాయం వాడకూడదు. ఆ మూడు వారాలూ మూత్రాన్ని పలచటి గుడ్డలో వడకట్టి పోయాలి. ఆవగింజంతో, బియ్యపు గింజంతో గుడ్డ మీద చిక్కితే దాన్ని పొట్లం కట్టి పరీక్షకు ఇవ్వండి. అది ఏ రకం రాయో తెలిస్తే మళ్లీ రాకుండా ఏం తినాలో, ఏం మానాలో చెప్పొచ్చు. రాయి చిక్కినా చిక్కకపోయినా నాలుగో వారంలో స్కానింగ్ చేయించుకోవాలి. నొప్పి పోయింది కదా అని ఊరుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రాయి నాళంలో పూర్తిగా ఇరుక్కుంటే మొదట విపరీతమైన నొప్పి వచ్చి, తర్వాత ఆ కిడ్నీ పని తగ్గించుకోగానే నొప్పి కూడా తగ్గుతుంది. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల కిడ్నీ నీరు పట్టి ఉబ్బి వారాల్లోనే చెడిపోతూ వస్తుంది.

నడుము నొప్పితో పాటు చలిజ్వరం వస్తే, మూత్రం ఆగిపోతే, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోతే, ముందే ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్లయితే, కషాయం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చీము, అడ్డు రెండూ కలిస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకూ, పన్నెండేళ్ల లోపు పిల్లలకూ ఈ కషాయం ఇవ్వకూడదు. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునేవాళ్లు కషాయం వాడే రోజుల్లో రక్తంలో చక్కెర చూసుకుంటూ ఉండాలి.

ఇదంతా రాయి సంగతి. ఇప్పుడు ఉద్దానం సంగతి.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తున్న జబ్బు రాళ్ల జబ్బు కాదు. చక్కెర లేనివాళ్లకూ, మొదట్లో బీపీ కూడా లేనివాళ్లకూ, పొలం పని చేసే నడివయసువాళ్లకూ కిడ్నీలు మెల్లగా కుంచించుకుపోతున్నాయి. నొప్పి ఉండదు. కాళ్ల వాపు చివరి దశలో గానీ రాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వంశధార నీళ్లు తెచ్చారు. కారణమే తెలియని జబ్బుకు కొండపిండి మందని చెప్పడానికి ఏ వైద్యశాస్త్రంలోనూ ఆధారం లేదు. పాత గ్రంథాల్లో పాషాణభేది చెప్పింది అశ్మరికి, మూత్రకృచ్ఛ్రానికి. అంటే రాయికి, మూత్రం కష్టంగా రావడానికి. ఎండిపోతున్న కిడ్నీకి కాదు.

ఉపయోగం లేకపోతే పోనీ అనుకోవడానికి లేదు, హాని ఉంది. ఆకుకూర ఉడికిస్తే అందులోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. అందుకే కిడ్నీ రోగులను కూర ఉడికించిన నీళ్లు పారబోయమంటారు. కషాయంలో మనం పారేసేది ఆకును, తాగేది ఆ నీళ్లను. బాగున్న కిడ్నీ ఆ పొటాషియాన్ని తేలిగ్గా బయటికి నెట్టేస్తుంది. క్రియాటినిన్ 3, 4 ఉన్న కిడ్నీ నెట్టలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే కండరాలు నీరసిస్తాయి, తర్వాత ఏ హెచ్చరికా లేకుండా గుండె ఆగిపోవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఆ మాత్రలూ పొటాషియాన్ని ఒంట్లో నిలిపేవే. మన ఉద్దానంలో కొబ్బరినీళ్ల సంగతీ ఇదే. ఒక బొండం నీళ్లలోనే 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. డయాలిసిస్ చేయించుకునేవారికి రోజంతా తిండి మొత్తంలో 2,000 మిల్లీగ్రాముల దగ్గర కట్టడి పెడతారు. జ్వరమొచ్చిందని ప్రేమతో రెండు బొండాలు కొట్టి ఇస్తే దానిలో సగం అక్కడే అయిపోతుంది.

రెండోది ఆక్సలేటు. చెడిన కిడ్నీ దాన్నీ బయటికి పంపలేదు. అది ఆ కిడ్నీలోనే పేరుకుని మిగిలిన కాస్త పనినీ తినేస్తుంది. మూడోది నీళ్లు. రాయి ఉన్నవారికి బాగా తాగడం మంచిది. మూత్రం తగ్గిపోయిన రోగి అదే మాట విని మూడు లీటర్లు తాగితే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి రాత్రి పడుకోనివ్వవు. ఒకరికి అమృతమైన సలహా పక్కింటివారికి విషం కావడం ఇక్కడ కళ్లారా చూడొచ్చు.

‘వారం తాగితే క్రియాటినిన్ 3.4 నుంచి 3కి దిగింది’ అని కాగితం చూపిస్తారు. ఆ అంకె నీళ్లు తక్కువైన రోజు ఎక్కుతుంది, బాగా తాగిన రోజు కొంత దిగుతుంది, ల్యాబ్ మారితే ఇంకొంత మారుతుంది. మూడు నెలల్లో మూడుసార్లు ఒకే ల్యాబ్‌లో చేయించినవి పక్కపక్కన పెట్టి చూస్తేనే దారి తెలుస్తుంది. ఆ ఒక్క కాగితం చూసి బీపీ మాత్రలు మానేసినవాళ్లకే నష్టం ఎక్కువ.

కాబట్టి మా నియమం ఒకటే. రెండు పరీక్షలు లేకుండా కొండపిండి ఇవ్వకూడదు: కడుపు స్కానింగ్, రక్తంలో క్రియాటినిన్. స్కానింగ్‌లో రాయి ఉండాలి, అది 5 మిల్లీమీటర్ల లోపుండాలి, క్రియాటినిన్ 1.2 దాటకూడదు. ఈ మూడూ కుదిరితేనే కషాయం. ఉద్దానం మండలాల వాళ్లయితే, రాయి ఉందని తెలిసినా, క్రియాటినిన్ చూడనిదే ఒక్క చుక్క ఇవ్వకూడదు. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండొచ్చు కదా.

డాక్టర్లకు కూడా ఒక మాట. ‘నాటుమందు తిన్నావా?’ అని గద్దించి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ‘ఏ ఆకు వాడారు, ఎంత వాడారు, మిగిలింది ఉంటే తెండి’ అని మామూలుగా అడిగితే సంచిలోంచి తీసి చూపిస్తారు. ఆ పొట్లంలో ఉన్నది కొండపిండో, గాడిదగడపాకో తెలియడం చికిత్సకు ఎంత అవసరమో వారికి మేం చెప్పనక్కర్లేదు. పాఠకులకూ అదే మనవి, పొట్లం పారేయకండి. ఆయుష్ డిస్పెన్సరీల్లో కొండపిండి, పల్లేరు, గాడిదగడపాకు, ఈశ్వరి ఎండు నమూనాలను అట్టల మీద అంటించి పేర్లు రాసి గోడకు వేలాడదీస్తే ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. ఊరి నుంచి వచ్చినవాళ్లు తమ సంచిలోది పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

మీ పత్రికకూ ఒక విన్నపం. మూలికల గురించి రాసిన ప్రతిసారీ మొక్క ఆకు, పువ్వు కనిపించే ఫొటో, గ్రాముల్లో మోతాదు, ఎన్ని రోజులు వాడాలో, ఎవరు వాడకూడదో తప్పకుండా వేయండి. ఈ నాలుగూ లేని మూలిక వార్తను ఆపేయండి. ‘కిడ్నీ సమస్యలకు దివ్యౌషధం’ అనే శీర్షిక మాత్రం శ్రీకాకుళం జిల్లా పేజీలో ఎప్పటికీ పెట్టవద్దు. ఆ శీర్షికను కత్తిరించి గోడకు అంటించుకుని మందులు మానేసేవాళ్లు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్నారు.

ఇట్లు,
ఉద్దానం ప్రాంతపు ఆయుర్వేద వైద్యులు, వృక్షశాస్త్ర ఉపాధ్యాయులు కొందరు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.